సగం గీసిన గడ్డం

ఒకాయన గడ్డం గీయించుకోవడానికి సెలూన్‌లోకి వచ్చేసరికి రెండున్నర కావస్తోంది.

లోపల కుర్చీలు నాలుగే. మనుషులు పదిమంది. ఎవరికీ కాలు నిలవడం లేదు.

వచ్చినాయనకి ముప్పై అయిదుంటాయి. బాగా చిక్కిపోయి ఉన్నాడు. గడ్డం మొహమంతా కమ్మేసింది.

"మూడింటి బస్సుకి పోవాలన్నా. కాస్త మనిషిని చెయ్యి," అన్నాడు.

"అరగంట చాలు తమ్ముడూ, కూర్చో," అని బార్బరు గుడ్డ కప్పాడు.

చెయ్యి గడ్డం మీద పెట్టాడే గానీ, చెవులు మాత్రం వెనక వాదన మీదే ఉన్నాయి.

వాదన ఏటవతలి ఫుట్‌బాల్ క్లబ్ గురించి. ఈ ఏడు కప్పు వాళ్లదేనని కరెంటు పనివాడు అన్నాడు. ఎద్దు లేకపోతే వాళ్లది గాలి తీసిన బంతేనని టైలరు అన్నాడు.

ఎద్దు అంటే ఆ క్లబ్ స్ట్రైకర్. ఆ పేరు పెట్టింది టైలరే. అసలు పేరు ఈ సెలూన్‌లో ఎవరూ పలకరు.

నాలుగు నెలల కిందట ఎద్దు గోలు మీదికి దూసుకొచ్చి వీళ్ల గోల్‌కీపర్‌ని గుద్దేశాడు. కీపర్‌కి పక్కటెముకలు మూడు విరిగాయి. ఇక మైదానంలో దిగకూడదని డాక్టర్లు చెప్పేశారు.

కావాలనే గుద్దాడని వీళ్లంటారు. కాదని ఏటవతలి వాళ్లంటారు. రిఫరీ ఆ సమయానికి ఎటో చూస్తున్నాడు.

ఈరోజు నాలుగింటికి పట్నంలో లీగ్ పెద్దలు కూర్చుంటున్నారు. ఎద్దుని జన్మలో మళ్లీ ఆడనివ్వాలా వద్దా అన్నది అక్కడ తేలుతుంది.

అందుకని, కావాలనే గుద్దాడు, ఇక ఆడనివ్వొద్దు అంటూ టైలరు ఒక అర్జీ రాయించాడు. నూట పద్నాలుగు సంతకాలు పడ్డాయి. మూడింటి బస్సు కండక్టరు కూడా వీళ్ల మనిషే. కాగితం తన చేతుల మీదుగా ఇస్తానని గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు.

ఒక చెంప గీయడం అయింది. రెండో చెంపకి సబ్బు పూస్తున్నాడు బార్బరు.

టైలరు అర్జీ తెచ్చి కుర్చీలో మనిషి ఒళ్లో పెట్టాడు. "తమ్ముడూ, నీదీ ఒకటి పడెయ్యి."

ఆయన కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివాడు. అంతవరకూ సంతకం పెట్టిన వాళ్లెవరూ అలా చదవలేదు.

"ఇందులో రాసింది అబద్ధం," అన్నాడు.

బార్బరు చెయ్యి ఆగింది.

"ఆ బంతి బయటికి పోయేదే. కీపర్ తొందరపడి కాళ్లకి అడ్డం పడ్డాడు. పరిగెత్తే మనిషి, ఎక్కడ ఆగుతాడు?"

"నువ్వెక్కణ్ణుంచి చూశావు?" అన్నాడు కరెంటు పనివాడు.

"దగ్గర్నుంచే."

"అంటే వాళ్ల వైపు నుంచి," అన్నాడు టైలరు. "ఎద్దుకి ఏమవుతావు నువ్వు? అన్నవా, బావమరిదివా?"

"ఏమీ కాను. అతనికీ పెళ్లాం బిడ్డలున్నారు. ఆట తప్ప వేరే పని రాదు."

"మరి మా కీపర్‌కి లేరా?"

ఆయన కాగితం మడిచి టైలరు చేతికిచ్చాడు.

"ఆయన్ని ఎవరైనా అడిగారా?" అన్నాడు.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంచం మీదున్న మనిషిని కదిలించడం దేనికని టైలరు సర్దబోయాడు. ఆస్పత్రి దూరమని ఇంకెవరో గొణిగారు. ఎవరూ వెళ్లలేదని అందరికీ తెలుసు. దాంతో అందరికీ ఒళ్లు మండింది.

బార్బరుకి మరీ మండింది. కీపర్ ఆడిన ఆట ఒక్కటి కూడా వదలని మనిషి. కీపర్ దెబ్బ తిన్న రోజు అన్నం ముట్టలేదు.

"ఇదిగో, మా కీపర్‌ది తప్పన్నవాడికి ఈ కుర్చీలో చోటు లేదు," అన్నాడు. "సంతకం పెట్టు, రెండో చెంప గీస్తాను. లేదంటే లే."

ఆయన లేచాడు. మెడ చుట్టూ ఉన్న గుడ్డ తనే విప్పి, మడత పెట్టి, కుర్చీ మీద ఉంచాడు.

బయట బస్సు హారన్ మోగింది. కండక్టరు అర్జీ తీసుకుని రోడ్డు దాటాడు. ఆయనా వెనకే వెళ్లాడు, ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నిండా నురగతో.

కండక్టరు తలుపుకి చెయ్యి అడ్డం పెట్టాడు. వెనక సీట్లన్నీ ఖాళీగానే ఉన్నాయి.

"ఎద్దు చుట్టాలకి చోటు లేదు," అన్నాడు.

"నేనూ అక్కడికే పోవాలయ్యా. నాలుగింటికి నేనక్కడ ఉండకపోతే ఆ కాగితమే చెల్లుతుంది."

"అదే కదా మాక్కావలసింది," అని కండక్టరు బెల్లు కొట్టాడు.

బస్సు కదిలింది. తర్వాతి బస్సు ఆరింటికి.

సెలూన్‌లో ఎవరో ఎద్దులా రంకె వేశారు. అందరూ పగలబడి నవ్వారు. బార్బరు ఇంకా బాగా చూద్దామని కత్తి చేత్తోనే గుమ్మంలోకి వచ్చాడు.

ఆయన రోడ్డు మధ్యలో నిలబడి, పోతున్న బస్సునే చూస్తున్నాడు. సెలూన్‌కి వీపు పెట్టి ఉన్నాడు. కాళ్లు ఎడంగా పెట్టి, కాస్త ముందుకి వంగి, రెండు చేతులూ ఒంటికి దూరంగా తెరిచి.

బార్బరు నవ్వు సగంలో ఆగిపోయింది.

పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం, గోలు వెనక మెట్ల మీద నిలబడి, వల సందుల్లోంచి తను చూస్తూ వచ్చిన వీపు అది.