గేటు తీయని మనిషి

"ఒలే మనవరాలా, మల్లీ సదువు. ఆ పిల్ల రేకుపెట్టె మీద కూకున్న కాడి నుంచి."

వరాలు ఫోను ముఖానికి దగ్గరగా పట్టుకుని మళ్లీ చదివింది. మంచం మీద కూర్మారావు కళ్లు మూసుకుని విన్నాడు. వానలు మొదలైన వారంలోనే తడిబండ మీద జారి ఆయన తుంటి విరిగింది. అప్పటినుంచి కిరండూల్ క్వార్టరులో ఒక మంచం, ఒక కిటికీ, ఆ కిటికీలోంచి వినిపించే ఖనిజం బళ్ల చప్పుడు. అంతే ఆయన లోకం.

చదువు రెండో తరగతిలోనే ఆగిపోయింది. అయినా 'నవ్వులబండి' గ్రూపులో గేటుతాత అంటే అందరికీ హడలు. టీవీలో స్కిట్లు చూసి ముచ్చటపడి తామూ రాసే అభిమానుల గ్రూపు అది. వాళ్లు రాసినవి వరాలు చదివి వినిపిస్తుంది. తాత తప్పులు చెబుతాడు, వరాలు టైపు చేస్తుంది. ముప్పై ఏళ్లు రైలుగేటు కాసిన మనిషికి తొందర లేదు. ఒక ముక్క చెప్పి, ఆగి, ఇంకో ముక్క చెబుతాడు.

ఇదివరకు వరాలు సిగ్నలు కోసం కిటికీ పక్కన స్టూలెక్కి చదివేది. ఈమధ్య మంచం పక్కనే కూర్చుంటోంది. తాతకు నిద్ర చెడుతుందని ఫోను టింగుమనకుండా చేసింది.

ఇంట్లో మూడో మనిషి వరాలు తండ్రి తాతబాబు. ఆయనా గేటు కాసేవాడే. లైను మీద కొండచరియ పడితే పట్టాలు బాగుచేసే పనికి రమ్మన్నారు. వెళ్లి పన్నెండు రోజులు. ఒక్క ఫోను లేదు. ఈ సాయంత్రం వస్తున్నానని తోటివాడితో కబురు పంపాడు.

సోమవారంలోగా జగదల్‌పూర్ నర్సింగు కాలేజీలో చేరకపోతే వరాలు సీటు పోతుంది. కాగితం మీద తండ్రి సంతకం కావాలి. వెళ్లేముందు తాతబాబు ఒకే మాట అన్నాడు. నువ్వెళ్లిపోతే తాతని ఎవరు చూస్తారు? తల్లి లేని ఇల్లు. పక్క క్వార్టరు ఎర్రమ్మ నేను చూసుకుంటానన్నా ఆయన వినలేదు. ఆ పూట కూర్మారావు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఔననలేదు, కాదనలేదు. వరాలు కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టేసింది.

తాతబాబు వెళ్లినప్పటినుంచీ ఆమె చదువుతున్నవన్నీ నంద అనే కొత్త కుర్రాడి స్కిట్లే. కొంటా అబ్బాయట.

ఇవాళ్టి స్కిట్టులో గేటువాడు గూడ్సుబండి కోసం గేటు వేస్తాడు. బండి వెళ్లిపోతుంది. వాడు గేటు కర్రకి సద్దిగిన్నె తగిలించుకుని కూర్చుంటాడు, గేటు తీయడు. పెళ్లికొడుకు కారు దిగి బతిమాలతాడు, పూజారి తిడతాడు, పాలు విరిగిపోతాయి. ఒక పిల్ల మాత్రం రేకుపెట్టె మీద కూర్చుని ఉంటుంది. చివరికి పెట్టె తుప్పు పడుతుంది. గేటు మూసే ఉంటుంది.

"కొంటాకి రైలు నేదు కదే," అన్నాడు కూర్మారావు. "గేటు కర్రకి సద్దిగిన్నె తగిలిస్తారని ఈ నందగాడికెలా తెలిసింది?"

ఎక్కడో చూసి ఉంటాడంది వరాలు.

కూర్మారావు తల ఆడించాడు. కిటికీ బయటినుంచి ఎర్రమ్మ పలకరించింది. ఈమధ్య ఆవిడ కూడా ఫోను పక్కన పడేసి, వీధి కబుర్లన్నీ మోసుకొచ్చి తాతకు చెప్పిపోతోంది. ఇప్పుడు పనిలో ఉన్నానని ఆయన ఆవిణ్ణి పంపేశాడు.

"రాయి. పెల్లికొడుకు కాడ నవ్వొచ్చింది." ఆగాడు. "పిల్ల కాడ రానేదు."

"ఎందుకు తాతా?"

"ఆ పిల్ల ఒక్క మాటా అడగదు. అడగని మనిసిని సూస్తే నవ్వెలా వొస్తాది?"

వరాలు బొటనవేలు ఆగింది. "అడిగితే గేటువాడు తీస్తాడా?"

"తియ్యడు. ఆడికి పని తెల్దు." కూర్మారావు ఊపిరి తీసుకున్నాడు. "గేటువోడు ఆకరి డబ్బా ఎనకాల దీపం సూడాల. దీపం కనిపించిందంటే బండి మొత్తం దాటెల్లిపోయినట్టే. ఇంక గేటు తీసీడమే. ఎల్లిపోయిన బండి కోసరం నిలబడ్డ మనుసుల్ని ఆపకూడదు. మొదటిరోజే నేర్పుతారు అది."

"వీడు దీపం చూడలేదేమో."

"సూసేడు. బండి మీద గౌరవం ఆడికి. దాటిపోనాదని ఒప్పుకోడు."

ఆ ముక్క టైపు చేయడానికి వరాలుకి చాలాసేపు పట్టింది. మరి చివరి సీను ఎలా ఉండాలని అడిగింది.

"బండే ఎనక్కి తిరిగి కేకెయ్యాల. 'ఒరే, నా దీపం కనిపించనేదేట్రా, నానెల్లిపోనాను, ఆ పిల్లకి గేటు తియ్యరా' అని తిట్టాల."

"బండి మాట్లాడుతుందా తాతా?"

"స్కిట్టు గదే. మాటాడతాది. ఇన్నాల్లు మాటాడకపోడమే దాని తప్పు. అది కూడా రాయి."

వరాలు రాసింది. కళ్లు తుడుచుకుని, ఎర్రదుమ్ము పడిందంది. వానాకాలంలో దుమ్మేమిటని ఆయన అడగలేదు.

"గ్రూపులో పెట్టేయనా?"

"సాయంత్రం మీ బాబు వొస్తాడు గదా. బియ్యం డబ్బా కింద కాగితం తీసి దగ్గిరెట్టుకుని, ఇది ఆడికి సదివి ఇనిపించు."

"మరి గ్రూపులో?"

కూర్మారావు కళ్లు తెరిచి మనవరాలి వైపు చూశాడు. ఆగి, ఇంకో ముక్క చెప్పాడు.

"ఫోను టవరు పడిపోయి పన్నెండు రోజులైనాది గదే."