వెనక లైట్లు

రాయచోటి మార్కెట్ యార్డులో టమోటా వేలం ముగించుకుని సోమన్న తిరిగి వచ్చేసరికి, అతని పికప్ బానెట్ ఎత్తి ఉంది.

ఒక ముసలాయన లోపలికి వంగి, బ్యాటరీ దగ్గర స్పానర్ తిప్పుతున్నాడు.

సోమన్న మనిషిని గుర్తుపట్టాడు. నిన్న ఇదే చోట వచ్చి పలకరించినవాడే.

"ఏమప్పా, నీ బండికి ఎనక లైటు శానా మసగ్గా ఉండాది. రెండు పెద్ద లైట్లు ఏస్తా. రివర్స్ గేరు పడితే వాటంతట అవే ఎలుగుతాయి" అన్నాడు నిన్న.

"ఎంతైతాది?"

"ఏమీ వద్దు. లైట్లు గూడా నావే."

ఊరికే పని చేసిపెడతాననేవాణ్ణి సోమన్న తన నలభై ఏళ్లలో చూడలేదు. "నాకేం వద్దులే, పో" అని పంపించేశాడు.

వీడి కన్ను దేనిమీద ఉందో ఇప్పుడర్థమైంది. కొత్త బ్యాటరీ. పెట్టించి నెల కూడా కాలేదు.

వెనకనుంచి కాలర్ పట్టి లాగి, చెంప మీద కొట్టాడు.

ముసలాయన కళ్లద్దాలు ఎగిరి టమోటా బాక్సుల మధ్య పడ్డాయి. హమాలీలు చుట్టూ చేరారు.

"బ్యాటరీ ఎత్తుకపోతాండాడు" అన్నాడు సోమన్న వాళ్లతో.

"దొంగతనం కాదప్పా" అన్నాడు ముసలాయన మెల్లగా. "ఐపోయింది. పోతాండా."

ఏం ఐపోయిందో సోమన్న అడగలేదు.

ఎవరో అద్దాలు తీసి ఇచ్చారు. ఒకవైపు పగిలింది. ఆయన వాటినే పెట్టుకుని, సంచి భుజాన వేసుకుని గేటు దాటాడు.

సోమన్న బ్యాటరీ కదిపి చూశాడు. గట్టిగానే ఉంది. సమయానికి వచ్చాననుకున్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ భార్య శివలీలకు గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

తర్వాత మూడు రోజులూ పగటి తిరుగుళ్లే. బండి వెనక ఏముందో వంగి చూసే పని పడలేదు.

నాలుగో రోజు పొద్దు గుంకాక, ఇంటి ముందు గడ్డి దింపి, బండిని కొట్టం పక్కన పెడదామని రివర్స్ గేరు వేశాడు.

వెనకంతా పట్టపగలులా వెలిగింది.

ఉలిక్కిపడి పక్క అద్దంలోకి చూశాడు.

చక్రానికి మూరెడు దూరంలో అతని నాలుగేళ్ల కూతురు శివాని కూర్చుని ఉంది. రాలిన గడ్డి ఏరుకుంటున్నదల్లా, వెలుగుకు తట్టుకోలేక రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

సోమన్న బ్రేకు అదిమిపట్టి ఇంజను ఆపేశాడు.

శివలీల పరుగెత్తుకొచ్చి పిల్లను ఎత్తుకుంది. "ఈ లైట్లు ఎప్పుడు ఏపిస్తివి?" అంది ఏడుస్తూనే.

"నేను ఏపియ్యలేదు" అన్నాడు సోమన్న.

అన్నాక, యార్డులో ముసలాయన గుర్తొచ్చి, దిగి ఆ లైట్లను వంగి చూశాడు.

మర్నాడు బండిని ఎలక్ట్రీషియన్ చంద్ర దగ్గరికి తీసుకుపోయాడు. చంద్ర బండి కింద దూరి చూశాడు.

"బ్యాటరీ కాడ్నించి వైరు లాగి రిలే పెట్టినాడు, ఫ్యూజు పెట్టినాడు, వైరు రాసుకోకుండా పైపు తొడిగి జానకొక క్లిప్పు కొట్టినాడు. ఇంత ఓపిగ్గా చేసేది మా గురువొక్కడే అన్నా. లేవి సారు. కడపలో ముప్పై ఏండ్లు ఇదే పని."

"యాడుంటాడు?"

"చిన్నమండెం దావలో. చర్చి పక్క ఇల్లు. నేను పంపించినా అని చెప్పు."

పోవాలి, పోవాలి అనుకుంటూనే పది రోజులు గడిపాడు సోమన్న. ఏ మొహం పెట్టుకుని పోవాలో తెలియలేదు. రోజూ సాయంత్రం ఆ లైట్లు వెలిగేవి. రోజూ అతని కుడిచెయ్యి అతనికే బరువయ్యేది.

పదకొండో రోజు పోయాడు.

చర్చి పక్కింటి ముందు బండి ఆపగానే ఒక పెద్దావిడ బయటికి వచ్చింది. బండిని చూసి, గడప దగ్గరే ఆగి, మొహం గోడవైపు తిప్పుకుంది.

"లేవి సారు ఉండారా, అమ్మా?"

"బేస్తవారం పూడ్చినాం, నాయనా. గుండె ఆగిపోయింది. నేను ఆయన పెండ్లాన్ని, ప్రేమమ్మను."

సోమన్న అరుగు మీద కూర్చున్నాడు.

"ఒగ దినం చెంప కమిలిపోయి వచ్చినాడు" అంది ఆమె, అలాగే గోడవైపు చూస్తూ. "ఏమయిందంటే బానెట్ తగిలిందన్యాడు. కానీ రెండేండ్ల తరవాత ఆ దినమే కడుపు నిండా తిన్యాడు. అందుకే నేనూ ఇంకేం అడగలా."

"బానెట్ కాదమ్మా. నేను కొట్టినా. దొంగనుకున్యా."

ప్రేమమ్మ గోడవైపే చూస్తూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తిట్టినా బాగుండేదనిపించింది సోమన్నకు.

"ఆ లైట్ల వల్లే నా బిడ్డ బతికింది" అన్నాడు. "నా మొహం గూడా ఎరగని మనిషి, నాకు ఇంత ఎందుకు చేసినాడమ్మా?"

"నిన్ను ఎరగడు. ఆ బండిని ఎరుగును. మేం అమ్మినాక అది ఎన్ని చేతులు మారిందో, ఆ నెంబరు పట్టుకుని ఊరూరూ తిరిగినాడు."

ఆమె అప్పుడు మొదటిసారి తిరిగి, బండి వెనక చక్రాల వైపు చూసింది.

"ఈ వాకిట్లోనే నాయనా, రెండేండ్ల కింద, మసక చీకట్లో దాన్ని ఎనక్కి తీస్తూ, మా మనవరాలు ఆరాధనను ఆయన చూసుకోలేదు."