నడుమ బీడీ

“లోపలిదొక్కటి మారితే ఏమైతది మామా? మీదికి అంత గట్లనే ఉంటది గద,” అంది గంగామణి.

“తప్పు.” సాయిలు బీడీ ఆకు కత్తిరించడం ఆపేశాడు. “ప్రోటీన్ లోపల ఖాళీ ఉండదు బిడ్డా. అమైనో ఆమ్లాలకుండే పక్క గొలుసులల్ల నీళ్లంటే గిట్టనియన్ని లోపల ఇరుక్కొని కూసుంటయి. మల్ల సదువు.”

“మెల్లగ తమ్మీ,” గంగామణి తల్లి కొమురవ్వ తలుపు వైపు చూసింది. “ఎవలన్న అస్తే నోరు తెరువకు.”

సాయిలు ఆమె తమ్ముడు కాడు. అది అసలు పేరూ కాదు. జగిత్యాలలో సైన్సు చెబుతూ ఏడేళ్ల కింద అజ్ఞాతంలోకి వెళ్లిన లెక్చరర్. కోరుట్లలో ఈ బీడీల ఇంట్లో నెల రోజులుగా దాక్కున్నాడు. ఆయన చుట్టిన బీడీలు సగం కంపెనీ వాళ్లు తిప్పి పంపేవే. దొరికితే ప్రాణం దక్కదు. ఆయన సైన్సు లెక్చరరని పోలీసులకు తెలుసు; వాళ్ల దగ్గర ఫొటో లేదన్నదొక్కటే ధైర్యం.

మధ్యాహ్నం జీపు ఆగింది. కుర్ర ఎస్సై ఒక్కడే లోపలికి వచ్చాడు.

“ఈయనెవలవ్వా?”

“నా తమ్ముడు సార్. గొల్లపల్లి. సదువు రాదు.”

సాయిలు తల ఎత్తలేదు. ఎస్సై గంగామణి చేతిలోని పుస్తకం అందుకున్నాడు.

“రేపు ఎమ్మెస్సీల సీటుకు పరీక్ష సార్,” అందామె.

“గిది డిగ్రీల నేను గూడ సదివిన.” ఆసక్తిగా పేజీలు తిప్పాడు. “లోపలి పెద్ద పక్క గొలుసు తీసి చిన్నది పెడితే ఏమైతది?”

భయంతో చదివిందంతా మరిచి గంగామణి తల్లి వైపు చూసింది.

“ఏం గాదు,” ఎస్సై నవ్వాడు. “లోపలిది ఎవలికి కనవడ్తది? మీద గట్టిగుంటే చాలు. రేపు గట్లనే రాయి.”

ఆమె బుద్ధిగా నోటుబుక్కులో రాసుకుంది. సాయిలు వేళ్లు ఆగాయి. ఎస్సై వెళ్లాక చెప్పొచ్చు. కానీ పిల్ల కళ్లముందే తప్పు రాసుకుంటుంటే తట్టుకోలేకపోయాడు. నోరు మాత్రం తెరవలేదు, అంతవరకు తెలివి ఉంది పాపం. ఒక బీడీ కట్ట తీసి, నడుమనున్న లావుదాన్ని లాగేసి, ఆ సందులో సన్నది దూర్చి ఊపాడు. దారం అలాగే ఉంది. అంచుల బీడీలూ అవే. అయినా కట్ట వదులై ఒక్కొక్కటే చేటలోకి జారిపోయాయి.

గంగామణి ముఖం వెలిగింది. రాసింది కొట్టేసింది.

ఎస్సై చూపు చేట మీంచి సాయిలు మీదికి వెళ్లింది. తర్వాత టోపీ తీసి చంకలో పెట్టుకుని, బయటున్న కానిస్టేబుళ్లను లోపలికి పిలిచాడు.

“తప్పు చెప్తే మీరు ఊకోరు గద సార్,” అన్నాడు సాయిలుతో.