సుత్తి ముద్ర

“పర్మిట్ ఉంది గదండీ, చూడండి!” బుల్లయ్య ట్రాక్టర్ మీంచి దూకేసి కాగితం చాపాడు.

చెక్‌పోస్టు గార్డు దాన్ని చదివి, ట్రాక్టర్ వెనక ట్రక్కులోని టేకు దుంగ చివర తడిమాడు. “కాగితం సరే. చెట్టు కొట్టినప్పుడు ఇక్కడ మా ఫారెస్టు రేంజర్ సార్ సుత్తితో ముద్ర వేశారుగా, అదేదీ?”

దుంగ చివర పసుపు, కుంకుమ బొట్లే ఉన్నాయి.

“ఏమేవ్, ముద్రేదీ?” బుల్లయ్య ట్రక్కు వైపు తిరిగాడు.

దుంగ పక్కనే కూర్చున్న భార్య రాఘవమ్మ తడబడింది. “ద్వారబంధం చేసే కర్ర గదా. చివరంతా ఎండి చీలిపోయిందని, ఒక బిళ్ల కోయించి పసుపు రాశాను.”

“ముద్ర లేకపోతే దొంగ కలపేనమ్మా. సీజ్ చెయ్యాలి.”

“మా మిరప చేను గట్టు మీద చెట్టండీ! ఇవాళ సత్తెనపల్లి కోతమిల్లులో పడకపోతే ఎల్లుండి ద్వారబంధం నిలబెట్టే ముహూర్తం తప్పిపోద్ది. తర్వాతంతా మూఢమే!” బుల్లయ్య చేతులు జోడించాడు.

గార్డు తల గోక్కున్నాడు. “నేనేం చెయ్యనండీ? పోనీ, ఆ కోసిన బిళ్ల పట్రండి. దుంగకి అతికితే వదిలేస్తా.”

“హమ్మయ్య! ఇంటికెళ్లి పావుగంటలో తెస్తా. ఎక్కడ పెట్టావే?”

రాఘవమ్మ ఒళ్లోని క్యారేజీని గట్టిగా పట్టుకుంది. అందులో, మిల్లువాళ్ల కోసం పొద్దున్నే వండిన పులిహోర ఉంది.

“పొయ్యిలో పెట్టానయ్యా. ఇది వండింది దాంతోనే.”

క్యారేజీ ఇంకా వెచ్చగానే ఉంది.