నాణెం మీద డాక్టరమ్మ

డాక్టరమ్మ శతజయంతికి వెండి నాణెం వేస్తున్నారు. టంకశాల శిల్పి నాలుగోసారి చేసిన మైనపు నమూనాను ఆమె కూతురి ముందు పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు.

"ఈసారైనా పోలిక కుదిరిందామ్మా?"

"బాగుందండీ. కానీ మా అమ్మలా లేదు."

"నవ్వు తగ్గించాను, ముక్కు సరిచేశాను. ఇంకేం తేడా?"

ఆమె నిట్టూర్చింది. "ఏం చెప్పమంటారు? మెలకువగా ఉన్న అమ్మని నేనెప్పుడు చూశాననీ! ఆస్పత్రి నుంచి వచ్చి, చెప్పులతోనే మంచమ్మీద వాలిపోయేది. నేనే విప్పేదాన్ని. నేనంటే ఇష్టం లేదనుకునేదాన్ని."

శిల్పి పనిముట్టు వేడిచేసి, కనురెప్పల్ని కాస్త కిందికి దించాడు. కళ్ల కింద రెండు సన్నటి గీతలు గీశాడు.

ఆమె ఆ రెప్పల్ని వేలితో మెల్లగా తాకింది.

"పిచ్చి తల్లి... ఎంత అలిసిపోయి వచ్చేదో!" అంది.