గేటు పలికిన రోజు

ఇనుప డ్రమ్ము గేటు దాటింది. గేటు పలకలేదు.

టెక్నీషియన్‌కి కోపం కూడా రాలేదు. మూడు రోజులుగా ఇదే వరస.

గోడౌన్‌లోని సరుకు మొత్తానికీ చీటీల్లాంటి రేడియో ట్యాగులు అంటించాడు. వాటిని చదివి, ఏది బయటికి పోయిందో గేటే చెప్పాలి. అట్టపెట్టెలను గడగడా చదివేసింది. ఇనుప డ్రమ్ములు, ఆసిడ్ నింపిన ప్లాస్టిక్ క్యాన్లు వస్తే మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

ఫోన్ మోగింది. చేతిలో ట్యాగులుండటంతో స్పీకర్‌లో పెట్టాడు.

“సాయంత్రంలోగా గేటు పనిచేయకపోతే రేపట్నుంచి ఆఫీసుకి రానక్కర్లేదు,” అన్నాడు బాస్.

“సరే సార్,” అన్నాడు, ఎవరి సంగతో విన్నట్టు.

“బాబూ, ఇనుము మీద నేరుగా అంటించకు.”

డ్రమ్ము మీద పాత రేడియో పెట్టుకుని పక్కనే కూర్చున్న ముసలాయన. లారీ తాలూకు మనిషి కాబోలు.

“తాతా, నీ లారీ లోడయ్యాక పిలుస్తారులే. అందాకా పాటలు విను.”

“అవే వినబడవు. దీని మీద పెడితే రేడియో గొంతు మూసుకుంటుంది. ఇదిగో, కింద రబ్బరు చెప్పు పెట్టానా, పలుకుతుంది.”

నిజంగానే పలికింది.

టెక్నీషియన్ చేతిలో ట్యాగు ఆగిపోయింది.

ముసలాయన షెడ్డు మూల నుంచి పాత రబ్బరు షీటు లాక్కొచ్చాడు. ఇద్దరూ కూర్చుని ముక్కలు కోశారు. ప్రతి ట్యాగు కిందా ఒక రబ్బరు ముక్క.

క్యాన్లను ఆయన వేలి కణుపుతో తట్టి చూశాడు.

“ఇక్కడిదాకా ఆసిడ్ ఉంది. నువ్వు ఇంకా పైన, ఖాళీగా ఉన్న మెడ దగ్గర అంటించి చూడు.”

“అబ్బో, ఇంజనీరు తాతవే!”

ఆయన నవ్వలేదు.

“పిల్లలెంతమంది బాబూ?”

“ఇద్దరు. చిన్నది ఇంకా పాకుతోంది.”

ముసలాయన కాసేపు గేటు వైపు చూశాడు. తర్వాత ఇంకో ముక్క కోశాడు.

నాలుగు గంటలకు నలభై డ్రమ్ములు, అరవై క్యాన్లు వరసగా గేటు దాటాయి. ఒక్కటీ తప్పిపోలేదు.

గోడౌన్ మేనేజరు వచ్చి కాగితం మీద సంతకం పెట్టాడు. టెక్నీషియన్ వెనక్కి తిరిగి చూస్తే డ్రమ్ము పక్కన ఎవరూ లేరు.

“ఇక్కడ కూర్చున్న తాత ఏడి సార్? లారీ వెళ్లిపోయిందా?”

“లారీ మనిషి కాదయ్యా,” మేనేజరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. “ముప్పై ఏళ్లుగా ఇక్కడ డ్రమ్ములు లెక్కపెట్టేది ఆయనే, గేటు పలికితే ఇవాళే ఆఖరని పొద్దున్నే చెప్పేశాం.”