పేరు చెప్పని ఆకు

“పేరు చెప్తావా, పోలీసోళ్లని పిలవమంటావా?”

నరసరావుపేట నుంచి వచ్చిన వందన ఆటో దిగుతూనే అరిచింది. నాదెండ్లలో ఆ వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేసింది.

వీరరాఘవమ్మ రోలు ముందు నుంచి లేవలేదు. పేగుపుండ్లకు ఆకుమందు ఇవ్వడం అత్తగారి నుంచి ఆమెకు వచ్చింది. ఆకును బెల్లంతో నూరి ముద్ద చేసిస్తుంది. అడిగినవాళ్లకు లేదనదు. ఆకు పేరు మాత్రం చెప్పదు.

“నా గుమ్మంలో కేకలేంది అమ్మాయ్? నిన్ను నేను పిలిచానా?”

“పిలవలా? ‘ఇదిగో నా కొడుకు, నెత్తురు పోయి మంచాన పడ్డోడు, నా ఆకుతోనే లేచాడు’ అని చూపించలా? ఆకు మింగేవాళ్లు ఇంగ్లీషు బిళ్ల ముట్టకూడదన్లా? నా కూతురు లిఖిత నీ మాట నమ్మి బిళ్లలు మానేసింది. ఇప్పుడు గుంటూరు ఆసుపత్రిలో ఒళ్లంతా పచ్చబడి పడుంది. కాలేయం చెడిందంట. ఏం ఆకు మింగిందో చెప్పమని డాక్టరు నన్ను తరుముతున్నాడు.”

వీరరాఘవమ్మ చేయి రోట్లోనే ఆగిపోయింది. మాటలో మాత్రం తగ్గలేదు.

“పథ్యం తప్పి ఉంటది. చేపలపులుసు తాగి నా మీద పడితే ఎట్టా?”

“నీ నోట్లో మన్ను పడ!”

కేకలకు కొడుకు సాయి బయటికొచ్చాడు. మోటార్లు చుట్టే పని అతనిది. రాగితీగ కోసం నెలకోసారి గుంటూరు పోయొస్తాడు. మనిషి నిండుగా ఉన్నాడు. అయినా వాడు తుమ్మితే చాలు, తల్లికి ఆసుపత్రి మంచమే కళ్ల ముందు కదులుతుంది.

అత్తగారు పోతూ పోతూ రెండు మాటలు చెప్పింది. ముద్ద మింగేటప్పుడు ఎవరి కంటా పడకూడదు. ఆకు పేరు బయటపడిందా, మందు విరిగిపోతుంది. నయమైన రోగం తిరిగొచ్చి మనిషిని తీసుకుపోతుంది.

అందుకే సాయి రోజూ ముద్ద పట్టుకుని గేదెల కొట్టంలోకి పోతాడు. ఆమె ఒక్కనాడూ తొంగిచూడలేదు.

“పేరు చెప్తే నా కొడుకు పోతాడే!”

“చెప్పకపోతే నా కూతురు పోద్ది!”

“చెప్పెయ్ అమ్మా, నాకేం కాదు,” అన్నాడు సాయి నేల చూపులు చూస్తూ.

తల్లి కొడుకు వైపు చూసింది. ఎవరి బిడ్డ కోసమో ఈ పిచ్చివెధవ తన ప్రాణం తీసిస్తున్నాడు.

“నువ్వు నోర్ముయ్‌రా!”

వందన ఫోను ఆమె మొహం మీదికి తోసింది. తెరమీద లిఖిత. కళ్లు పసుపునీళ్లలో ముంచి తీసినట్టున్నాయి.

వీరరాఘవమ్మ చాలాసేపు చూసింది. చూసి, ఉన్నట్టుండి వందన జుట్టు పట్టి దగ్గరికి లాగి, చెవిలో పేరు చెప్పేసింది.

“పో! నీ కూతురు లేచాక నా కొడుకు దినానికి రా. విస్తరేసి పెడతాను.”

వందన గుమ్మం ముందు ఉమ్మేసి, ఫోను చెవికి ఆనించుకుంటూ ఆటో ఎక్కింది.

వీరరాఘవమ్మ ఉన్న ఆకంతా నూరింది. అంత పెద్ద ముద్ద ఎప్పుడూ చేయలేదు.

“మందు విరక్కముందే మింగరా నాయనా. మా నాయన కదూ.”

సాయి ముద్ద తీసుకుని కొట్టంలోకి పోయాడు.

అత్తగారి కట్టు ఎటూ తప్పింది. ఇక దాపరికం దేనికి? వాడు అక్కడే కుప్పకూలితే పట్టుకునేదెవరు? ఆమె మొదటిసారి కొడుకు వెనకే నడిచి, తడిక సందులోంచి చూసింది.

సాయి జేబులోంచి ఆసుపత్రి బిళ్లల అట్ట తీసి ఒకటి నోట్లో వేసుకుంటుంటే, పాడిగేదె అలవాటుగా మెడ చాచి, అతని రెండో చేతిలోని ముద్ద కోసం నోరు తెరిచింది.